మాటల మాస్టారు: దిక్కుల మీద వచ్చిన ఉత్తరాలు

ఆమధ్య ఈ శీర్షికలో రష్యన్‌లో తూర్పును 'వస్తోక్' అంటారని ఒక్క వాక్యం రాశాను. అప్పటి నుంచి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి దిక్కుల మీదే ఉత్తరాలు వస్తున్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం స్లావిక్ భాషలకే ఇస్తున్నాను. రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ అన్నీ ఒక తల్లి బిడ్డలే. దిక్కుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి దారి వాళ్ళు పట్టారు. ఆ మాటల్ని చెవికి వినబడేదానికి దగ్గరగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను.

కందుకూరు నుంచి ఒక విద్యార్థిని (ఇప్పుడు రష్యాలో వైద్యం చదువుతున్నారు): మాస్టారూ, 'మాస్కోలో' అనడానికి 'వ్ మస్క్వే' అని నేర్పారు. అదే లెక్కన 'ఉత్తరాన' అనడానికి 'వ్ సేవెరె' అంటే టీచర్ ఒప్పుకోలేదు. 'నా సేవెరె' అనాలట. ఎందుకని అడిగితే అంతే అన్నారు. ఎక్కడ ఏది పెట్టాలో తెలీక మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

అమ్మా, దిక్కుల విషయంలో నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. నాలుగు దిక్కులకూ 'నా' ఒక్కటే వస్తుంది. సేవెర్ (ఉత్తరం), యూగ్ (దక్షిణం), వస్తోక్ (తూర్పు), జాపద్ (పడమర), వీటిలో దేనికీ 'వ్' రాదు. మీ టీచర్ 'అంతే' అన్నారు గానీ, దీని వెనక ఒక పద్ధతి ఉంది. 'వ్' అంటే లోపల. గదిలో, ఊళ్ళో, దేశంలో, అంటే చుట్టూ హద్దున్న చోట్లకి అది వస్తుంది. 'నా' అంటే పైన. బల్ల మీద, నేల మీద, చౌకులో, ఇలా పరుచుకుని ఉన్నవాటికి వస్తుంది. దిక్కుకి గోడా లేదు, పొలిమేరా లేదు. ఎంత దూరం నడిచినా ఇంకా అటువైపు మిగిలే ఉంటుంది. అందుకే దాని 'లోపల' ఉండటం ఆ భాషకి కుదరలేదు. సైబీరియాలో అనడానికి 'వ్ సిబీరి' అనే రష్యన్లు, ఉరల్ ప్రాంతంలో అనడానికి 'నా ఉరాలె', కాకసస్‌లో అనడానికి 'నా కవ్‌కాజె' అంటారు. ఈ రెండూ కొండల వరుసలే కదా.

ఇక మూడు ప్రశ్నలకి మూడు రూపాలు నేర్చుకో. ఎక్కడ? 'నా సేవెరె'. ఎక్కడికి? 'నా సేవెర్'. ఎక్కడి నుంచి? 'స్ సేవెరా'. మొదటి రెండిట్లో ముందున్న మాట ఒకటే, తేడా అంతా చివర్లో ఉంది. స్థిరంగా ఉంటే సప్తమి లాంటి విభక్తి, కదిలి వెళ్తుంటే ద్వితీయ. మూడోదాంట్లో చాలామంది మనవాళ్ళు 'ఇజ్ సేవెరా' అనేస్తారు. 'వ్'తో లోపలికి వెళ్ళినవాళ్ళు 'ఇజ్'తో బయటికి రావాలి, 'నా'తో పైకెక్కినవాళ్ళు 'స్'తో దిగాలి. మాస్కో నుంచి అయితే 'ఇజ్ మస్క్వీ', ఉత్తరం నుంచి అయితే 'స్ సేవెరా'. ఈ జతలు చెడిపోకుండా చూసుకుంటే ఆ భాషలో సగం తప్పులు పోతాయి.

తెలుగులో కూడా దిక్కులకి ఒక ప్రత్యేకత ఉంది, గమనించావా? 'ఊరికి తూర్పున', 'ఉత్తరాన', 'దక్షిణాన' అంటాం. కానీ 'కందుకూరున చదివాను', 'బస్సున వచ్చాను' అని ఇప్పుడు ఎవరూ అనరు. మాటల్లో దాదాపు పోయిన ఆ 'న' దిక్కుల దగ్గర మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. మిగతా చోట్లకి ఒక పద్ధతి, దిక్కులకి ఇంకో పద్ధతి అనేది మనకి కొత్తేం కాదు.

ఇంకొకటి, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. 'కావలి నెల్లూరుకి ఉత్తరాన ఉంది' అన్నప్పుడు మనం 'కి' అనే ప్రత్యయాన్ని ఊరికి తగిలిస్తాం. రష్యన్లు ఊరికి 'నుంచి' తగిలించి, 'కి'ని దిక్కుకి ఇస్తారు. 'కావలి నఖోదిత్స క్ సేవెరు అత్ నెల్లోరా.' ఉన్నదున్నట్టు చెప్తే 'నెల్లూరు నుంచి ఉత్తరానికి'. వాళ్ళు ముందు నెల్లూరులో నిలబడి, అక్కడి నుంచి చూపు ఉత్తరానికి పంపుతారు. తెలుగులో ఆలోచించి రష్యన్‌లో మాట్లాడితే ఈ 'కి' తప్పకుండా తప్పు చోట పడుతుంది. పోలిష్‌లో కూడా ఊరికి 'నుంచి'యే. వార్సాకి ఉత్తరాన అంటే 'నా పువ్‌నొత్స్ ఒద్ వర్షావీ'.

రష్యన్‌లో నాకు చాలా ఇష్టమైన ఇంకో తీరు ఉంది. 'సేవెర్నెయె మస్క్వీ' అంటే మాస్కో కన్నా 'ఎక్కువ ఉత్తరంగా' అని. పొడుగు, పొట్టి అన్నట్టు దిక్కుని కూడా ఎక్కువ తక్కువల్లో కొలుస్తారు.

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు: నేను గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పని చేస్తాను. పోలండ్ చిరునామా ఒకదాన్లో వీధి పేరుని ఫోన్‌లో తర్జుమా చేసి చూస్తే ఒకసారి 'ఉత్తరపు వీధి' అని, ఇంకోసారి 'అర్ధరాత్రి' అని వచ్చింది. ఏంది మాస్టారూ ఇది, ఫోన్ తప్పా?

ఫోన్ తప్పేం లేదండీ, రెండూ నిజమే. పోలిష్‌లో 'పువ్‌నొత్స్' అంటే అర్ధరాత్రి, ఉత్తరం కూడా. 'పొవూద్నె' అంటే మధ్యాహ్నం, దక్షిణం కూడా. 'పువ్' అంటే సగం, 'నొత్స్' అంటే రాత్రి. ఉక్రేనియన్‌లో ఉత్తరం 'పివ్నిచ్', దక్షిణం 'పివ్దెన్', వాటి కథా అదే. బెలారుస్ వాళ్ళదీ అంతే. రష్యన్‌లో కూడా పాత రచనల్లో 'అర్ధరాత్రి దేశాలు' అంటే ఉత్తరదేశాలు, 'మధ్యాహ్నపు' అంటే దక్షిణాది. లాటిన్‌లో కూడా 'మెరీదియెస్' అంటే మధ్యాహ్నం, దక్షిణం రెండూ.

ఎందుకలాగ? వార్సా 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు ఏడాదిలో ఒక్కరోజు కూడా నడినెత్తి మీదికి రాడు. జూన్‌లో బాగా పైకెక్కినప్పుడే మిట్టమధ్యాహ్నం 61 డిగ్రీల ఎత్తు, డిసెంబర్‌లో 14 డిగ్రీలు. ఎప్పుడు చూసినా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. గడియారం, దిక్సూచి లేని రైతు పొలంలో నిలబడి పన్నెండింటికి సూర్యుడెక్కడున్నాడో చూశాడంటే అదే దక్షిణం. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది ఉత్తరం. పగటికి సగం ఇటు, రాత్రికి సగం అటు. ఇంకా పైకి, రష్యాలో మూర్మాన్స్క్ దాకా వెళ్తే, మే 22 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం దాకా సూర్యుడు అస్తమించనే అస్తమించడు. అక్కడ అర్ధరాత్రి సూర్యుడు సరిగ్గా ఉత్తరాన నిలబడి కనిపిస్తాడు.

ఇప్పుడు మీ చీమకుర్తిలో నిలబడి ఆలోచించండి. మనం పదిహేనున్నర డిగ్రీల దగ్గరున్నాం. మే మొదటివారంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు పదో తేదీ ప్రాంతం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరానే ఉంటాడు, జూన్ చివరివారంలో దాదాపు ఎనిమిది డిగ్రీలు. నమ్మకం లేకపోతే మీ ఆఫీసు డాబా మీద ఒక కర్ర నిలబెట్టి జూన్‌లో చూడండి. మబ్బు లేని రోజైతే, మన గడియారంలో పన్నెండు దాటిన ఓ పది నిమిషాలకి ఆ కర్ర నీడ దక్షిణం వైపు పడుతుంది. నేను నెల్లూరులో మా డాబా మీద ఇది చేసి చూసి ఎంత సంతోషించానో! మనలాంటి చోట మధ్యాహ్నమే దక్షిణమని పేరు పెడితే, మంచి ఎండాకాలంలోనే ఆ పేరు అబద్ధమై కూర్చుంటుంది. అర్ధరాత్రి అంటే ఉత్తరం అనే ఆలోచన మన నేల మీద పుట్టేది కాదు.

ఒకే మాటకి రెండర్థాలుంటే వాళ్ళు తికమక పడరా అని మీకు అనుమానం రావచ్చు. ముందుండే చిన్న మాట అంతా తేల్చేస్తుంది. 'ఒ పువ్‌నొత్సీ' అంటే అర్ధరాత్రి వేళ, 'నా పువ్‌నొత్సీ' అంటే ఉత్తరాన. 'ఫ్ పొవూద్నె' అంటే మధ్యాహ్నం పూట, 'నా పొవూద్నె' అంటే దక్షిణానికి. మనం 'ఉత్తరాన ఉంది', 'ఉత్తరం రాశాడు' అన్నప్పుడు ఎవరైనా తికమక పడుతున్నారా?

చిరునామాలు టైపు చేసే పనిలో ఉన్నారు కాబట్టి ఇదొకటి చెప్తాను. పోలిష్‌లో ఈ నాలుగు దిక్కులూ ఒకే లింగం కావు. ఉత్తరం స్త్రీలింగం, దక్షిణం నపుంసకం, తూర్పు పడమరలు పుంలింగం. దాన్ని బట్టే వాటి చివరలు మారతాయి. మాట చివర అక్షరం ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా కనిపించినా దిద్దకుండా వదిలేయండి.

నెల్లూరు, ట్రంకు రోడ్డు నుంచి ఒక పాఠకుడు: యుగోస్లావియాలోని 'యుగో', మన 'యుగం' ఒకటేనా?

కాదు. 'యూగ్' అంటే దక్షిణం, యుగోస్లావియా అంటే దక్షిణ స్లావుల దేశం. 1918లో ఏర్పడిన సెర్బులు, క్రొయేట్లు, స్లొవీన్ల రాజ్యానికి 1929లో ఆ పేరు పెట్టారు. మన 'యుగం' అనే సంస్కృత పదానికి చుట్టం రష్యన్‌లో వేరే ఉంది, 'ఈగొ'. అంటే కాడి. సంస్కృతంలో యుగానికి కాడి అనే అర్థం కూడా ఉంది కదా. మంగోలుల ఏలుబడిని రష్యన్ చరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఆ 'ఈగొ' అనే మాటతోనే చెప్తారు.

ఒంగోలు నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: రష్యన్ 'జాపద్'లో 'పద్' అంటే పడటమని విన్నాను. మన పడమర కూడా పొద్దు పడే దిక్కే. ఈ రెండిటికీ బంధుత్వం ఉందని నా శిష్యుడొకడు వాదిస్తున్నాడు. మీరేమంటారు?

మాస్టారూ, మీరు విన్నది నిజమే. 'జా' అంటే వెనక్కి, 'పద్' అంటే పడటం. సూర్యుడు వెనక్కి పడిపోయే వైపు జాపద్. మన పడమర కూడా 'పడు' ధాతువు నుంచే వచ్చింది, కన్నడంలో 'పడువణ' దాని తోబుట్టువు. కానీ మన 'పడు' ద్రావిడ ధాతువు, తమిళ కన్నడాల్లో కూడా ఉన్నదే. స్లావిక్ 'పద్' ఇండో యూరోపియన్ ధాతువు. రెండూ ఒకలా వినబడటం కాకతాళీయం. మీ శిష్యుడి చెవి మాత్రం మెచ్చుకోదగ్గదే. చుట్టరికం లేకపోయినా ఒకే ఆలోచన రెండు నేలల మీద పుట్టిందని అతనికి చెప్పండి. నాకైతే చుట్టరికం కంటే అదే గొప్పగా అనిపిస్తుంది.

తూర్పు సంగతి ఇంకా బాగుంటుంది. 'వస్తోక్'లో 'తోక్' అంటే ప్రవాహం. పైకి పారేది, అంటే సూర్యుడు పైకి పొంగుకొచ్చే చోటు. ఇది రైతుల నోట పుట్టిన మాట కాదు, పండితులు కట్టింది. సిరిల్, మెథోడియస్ అనే క్రైస్తవ మతప్రచారకులైన అన్నదమ్ములు 863లో మొరావియా (ఇప్పటి చెక్, స్లోవాక్ దేశాల ప్రాంతం) వెళ్ళి గ్రీకు మతగ్రంథాల్ని స్లావుల భాషలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. ఆ పని నుంచి పెరిగిన చర్చి స్లావోనిక్ అనే స్లావుల మతగ్రంథాల భాషలో, గ్రీకువాళ్ళ 'అనతొలీ', అంటే ఉదయించడం, తూర్పు, అనే మాటని ముక్క ముక్కగా అనుసరించి ఈ పదం చేశారు. టర్కీలోని అనటోలియా పేరూ ఆ గ్రీకు మాటదే. బల్గేరియన్లు, సెర్బులు 'ఇస్తోక్' అంటారు, బయటికి పారేది అని.

పోలిష్‌లో ఈ 'ప్రవాహం' లేదు, 'నడక' ఉంది. తూర్పు 'ఫ్స్‌ఖూత్', పడమర 'జాఖూత్', అంటే పైకి నడిచేది, వెనక్కి నడిచేది. రష్యన్‌లో దాని జత 'వస్ఖోద్', అయితే దానికి అర్థం సూర్యోదయం మాత్రమే. 1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన గగారిన్ ఎక్కిన అంతరిక్షనౌక పేరు వస్తోక్ (మన పత్రికలు వోస్తోక్ అని రాస్తాయి). 1965 మార్చి 18న వ్యోమగామి లియోనోవ్ నౌక బయటికొచ్చి శూన్యంలో తేలిన రోజున ఆయన ఎక్కినది వస్ఖోద్-2. తూర్పు తర్వాత సూర్యోదయం, చూడండి ఎంత చక్కటి వరుసో!

మన ఉదయగిరి పేరు కూడా ఈ కోవలోదే. సంస్కృత కవులకి ఉదయగిరి అంటే సూర్యుడు పొడిచే తూర్పు కొండ. మన ఉదయగిరి మాత్రం నెల్లూరు జిల్లాకి పడమటి కొసన ఉంది.

సంస్కృతంతో అసలైన బంధుత్వం చూపించాలంటే మీ శిష్యుడికి 'దెస్నీత్స' అనే పాత రష్యన్ మాట చెప్పండి. దానికి కుడిచెయ్యి అని అర్థం. ఇది మన 'దక్షిణ'కి నిజమైన చుట్టం. తూర్పుకి తిరిగి నిలబడితే ఎదురుగా పూర్వం, వెనక పశ్చిమం, కుడివైపు దక్షిణం, ఇలా సంస్కృతం మనిషి ఒంటిని బట్టి పేర్లు పెట్టింది. స్లావులు ఆ కుడిచేతి మాటని చేతి దగ్గరే ఉంచుకున్నారు. దిక్కుల కోసం సూర్యుణ్ణీ గాలినీ చూశారు.

జువ్వలదిన్నె నుంచి ఒక పాఠకుడు: మా అబ్బాయి సరుకు ఓడలో పని చేస్తాడు. వాళ్ళ ఓడలో రష్యన్లు దిక్కులకి 'నోర్ద్, జ్యూయ్ద్' అంటారట. సేవెర్, యూగ్ ఏమైనట్టు?

మీ అబ్బాయి విన్నది ఓడవాళ్ళ భాష. నోర్ద్, జ్యూయ్ద్, ఓస్త్, వెస్త్, ఇవి డచ్చివాళ్ళ నుంచి వచ్చాయి. పీటర్ చక్రవర్తి 1697లో స్వయంగా హాలండ్ వెళ్ళి ఓడలు కట్టే చోట పనిచేసి నేర్చుకున్నాడు. ఆయన కట్టిన నౌకాదళంతో పాటు ఆ మాటలూ వచ్చి స్థిరపడ్డాయి. ఒడ్డు మీద సేవెర్, ఓడ మీద నోర్ద్. చివరికి దిక్సూచిని కూడా ఒడ్డు మీదివాళ్ళు 'కోంపస్' అని మొదటి అక్షరం నొక్కి పలికితే, నావికులు 'కంపాస్' అని రెండోదాన్ని నొక్కుతారు. నల్లసముద్రం ఒడ్డున నొవొరస్సీస్క్ రేవు మీదికి కొండ దిగి దూకే చలిగాలి పేరు కూడా 'నోర్ద్-ఓస్త్'.

గాలి మాట వచ్చింది కాబట్టి మీ ఊరివాళ్ళకి బాగా తెలిసిన సంగతే చెప్తాను. సేవెర్ అనే మాట మొదట దిక్కు కంటే ముందు గాలికి పేరు, ఉత్తరపు చలిగాలికి. లిథువేనియన్‌లో ఉత్తరం 'ష్యౌరె', ఉత్తరపు గాలి 'ష్యౌరీస్'. లాటిన్‌లో 'కౌరుస్' అంటే వాయవ్యపు గాలి. ఇవన్నీ ఒక కుటుంబం. క్రొయేషియా తీరంలో దక్షిణం 'యుగ్', అటువైపు నుంచి తేమ మోసుకొచ్చి సముద్రాన్ని రేపే గాలి 'యుగొ'. దానికి ఎదురుగా వీచే పొడి చలిగాలి 'బూర'. అక్కడి బెస్తలు గాలి పేరు వింటేనే పడవ దించాలో వద్దో తేల్చుకుంటారు. మీ ఒడ్డున కూడా మే నెలలో పడమటి గాలి తిరిగిందంటే వొళ్ళు కాలిపోతుందనీ, మధ్యాహ్నానికి తూర్పు గాలి మళ్ళితే ప్రాణం లేచొస్తుందనీ చెప్పుకోరూ? ఆ మాటల్లో దిక్కు ఎంతో గాలీ అంతే. మూలలకి మాత్రం స్లావులకి విడి పేర్లు లేవు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని మనం కాపలా దేవతల పేర్లు పెట్టుకున్నాం. వాళ్ళు రెండు దిక్కుల్ని అతుకుతారు, అతికేటప్పుడు ఉత్తరమో దక్షిణమో ముందుండాలి. ఈశాన్యం రష్యన్‌లో 'సేవెరొ-వస్తోక్', విభక్తి రెండో మాటకే తగులుతుంది. పోలిష్‌లో 'ఉత్తరపు తూర్పు' అన్నట్టు మొదటిది విశేషణమై, రెండూ మారతాయి. మనకి వానలిచ్చే ఈశాన్య రుతుపవనాల గురించి రష్యన్‌లో చెప్పాలంటే 'సేవెరొ-వస్తోచ్నీ ముస్సోన్'. 'వస్తోక్' విశేషణం అయ్యేటప్పుడు 'క' పోయి 'చ' వస్తుంది. 'యూగ్' అయితే 'యూజ్నీ' అవుతుంది.

కావలి నుంచి ఒక తల్లి: మా పాప ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తోంది. అంతకుముందు రష్యన్ కొంచెం నేర్చుకుంది. అక్కడ తలుపుల మీద 'వీఖొద్' అని ఉంటే బయటికి దారి అనుకుందట. తర్వాత మ్యాప్‌లో తూర్పు వైపు కూడా అదే మాట కనబడిందట. ఏది సరి?

రెండూ సరేనమ్మా. చెక్‌లో 'వీ' అంటే బయటికి, 'ఖొద్' అంటే నడక. మనుషులు బయటికి నడిచే చోటు ద్వారం, సూర్యుడు బయటికి నడిచే చోటు తూర్పు. రష్యన్‌లో అదే మాట 'వీఖద్' ద్వారానికే ఆగిపోయింది, తూర్పుకి వస్తోక్ ఉంది కదా. స్లోవాక్‌లో కూడా చెక్ పద్ధతే. పాపకి ఇలా గుర్తుపెట్టుకోమని చెప్పండి. ఎవరైనా 'నా వీఖొద్ ఒద్ ప్రాహీ' అంటే ప్రాగ్‌కి తూర్పుగా అని. 'ఉ వీఖొదు' అంటే గుమ్మం దగ్గర అని, స్నేహితులు అక్కడ కలుద్దామన్నారంటే తలుపు దగ్గరే నిలబడితే చాలు. 'ఉనికొవీ వీఖొద్' అని రాసి ఉంటే అది ప్రమాదం వచ్చినప్పుడు బయటపడే దారి. కొత్త ఆఫీసులో చేరగానే అది ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోమనండి.